గిటారు మెడకు కలప ఎంపిక: ఉక్కు తెచ్చిన మార్పు

ప్రవేశిక

వీణలో దండి ఉన్నచోట గిటారులో మెడ ఉంటుంది. తీగల లాగుడును ఎడతెగక భరించే భాగమిది. దీని కలపను గురించిన చర్చల్లో సాధారణంగా నాదగుణమే ముందుకు వస్తుంది. ఆ ఎంపికను కాలక్రమంలో పరిశీలిస్తే, వంగకుండా నిలవడమే తొలి ప్రమాణమని తెలుస్తుంది.

పేగు తీగల కాలం

19వ శతాబ్దంలో స్పెయిన్‌కు చెందిన ఆంతోనియో ద తోరెస్ నేటి శాస్త్రీయ గిటారుకు రూపమిచ్చాడు. ఆనాటి తీగలు జంతువుల పేగులతో చేసినవి. వాటి స్థానంలో నేడు వాడే నైలాను తీగల మొత్తం లాగుడు దాదాపు 40 కిలోలు. ఈ బరువుకు ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చే స్పానిష్ సెడార్ సరిపోయింది. ఘనపు మీటరుకు సుమారు 470 కిలోలుండే ఈ కలప తేలికైనది, సులువుగా చెక్కవచ్చు, ఆరిన తరువాత మెలితిరగదు.

ఉక్కు తీగలు, ఉక్కు కమ్మీ

అమెరికాలో ఉక్కు తీగలు వ్యాపించడంతో లాగుడు 70 కిలోల స్థాయికి చేరింది. మార్టిన్ సంస్థ అప్పటికే సెడార్‌ను విడిచి మహాగనికి మారింది. గిబ్సన్ సంస్థలోని థాడియస్ మెక్‌హ్యూ మెడలోపల బిగించే ఉక్కు కమ్మీకి 1923లో పేటెంటు పొందాడు. 1934లో మార్టిన్ కూడా ఉక్కును ఆశ్రయించింది. 1950లో లియో ఫెండర్ గట్టి మేపుల్‌కు కమ్మీ అక్కరలేదని భావించాడు. కొద్దికాలానికే దానిని చేర్చక తప్పలేదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలపు గిటార్లు ఈ విషయంలో విలువైన సాక్ష్యం. ఉక్కు కొరత వల్ల మార్టిన్ కమ్మీ స్థానంలో నల్లని ఎబొనీ కర్రను అమర్చింది. గిబ్సన్ కమ్మీ లేకుండా చేసిన కొన్ని గిటార్లకు మేపుల్ మెడలు కనిపిస్తాయి. ఉక్కు లేనప్పుడు ఆ భారం మళ్లీ కలప చేవ మీదనే పడింది.

ముగింపు

కమ్మీ వచ్చాక బలం ఒక్కటే ప్రమాణం కాలేదు. లభ్యత, పనితనం, అలవాటు ఎంపికలో చోటు సంపాదించాయి. అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ 2003లో పెద్దాకు మహాగనికీ, 2020లో సెడార్‌కూ వర్తించడంతో అడవి మనుగడ కూడా ప్రమాణమైంది. కనుక మెడ కలపను నాదదృష్టితో మాత్రమే వివరించడం ఈ చరిత్రలో సగాన్ని విస్మరించడమే అవుతుంది.