అటకమీది ఆటపెట్టెలు

మా భీమవరములో 1990ల వేసవులయందు పిల్లలు టీవీకి ఆటపెట్టె తగిలించి, క్యాసెట్టు మొరాయించినచో దానిలో నోటితో ఊది, మరల గ్రుచ్చుట నేను చూచితిని. ఆ పెట్టెలలో పెక్కు, 1983 జూలై 15న జపానులో నింటెండో సంస్థ వెలువరించిన ఫ్యామిలీ కంప్యూటరునకు నకళ్లు.

పిల్లల యాటలకు చరిత్ర యేలయని పెద్దలడుగవచ్చును. వేమన పద్యములను సైతము ఒకప్పుడు పండితులు పెక్కండ్రు చిన్నచూపు చూచిరి. బ్రౌనుదొర వ్రాతప్రతులు సేకరించి, పాఠములు పోల్చి, 1829లో అచ్చువేయించెను. నకలు వ్రాయువాడు లేనిదే తాటాకు గ్రంథము నిలువదు.

నేడు ఆటల అభిమానులు చేయుచున్న పనియు నట్టిదే. క్యాసెట్టులోని చిప్పునుండి ఆటను పొల్లుపోకుండ ఎత్తివ్రాసి, వేరొక ప్రతితో సరిచూచి, పట్టికల కెక్కించి, పదుగురకు పంచుచున్నారు. పాతయంత్రముల నడకను అనుకరించు సాధనములచే అవి క్రొత్త కంప్యూటరులయందును ఆడుచున్నవి.

అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 అంగడిలో దొరకవని 2023లో ఒక పరిశోధన తేల్చినది. అయినను అనుమతిలేని నకలు చట్టవిరుద్ధము కావచ్చును. గ్రంథాలయములు తమయొద్దనున్న ఆటలను దూరముననున్న పరిశోధకులకు అందించుటకు సైతము 2024లో అక్కడి కాపీరైటు కార్యాలయము సమ్మతింపలేదు.

హక్కు గౌరవింపదగినదే. కాని హక్కుదారుడే మరచినదానిని ఎవరు కాపాడవలెను? పద్యమైనచో కంఠమున నిలుచును. చిప్పులోని యాట చిప్పుతోనే పోవును. మీ యింటి అటకపై నట్టి పెట్టె యున్నచో, పాతసామానులవానికి వేయకముందు ఒక్కమారు ఆలోచింపుడు.