వందకి రెండు

దర్జీకి గుడ్డ ఇచ్చి, కొలతలివ్వకుండా, "నీకు తోచినట్టు కుట్టవయ్యా" అని వచ్చేసేవాళ్ళు లోకంలో ఉంటారా అంటారేమో! ఉన్నారు. సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వ శాఖలే.

కంప్యూటర్లకు కావలసిన ప్రోగ్రాములు బయటి కంపెనీలకు కాంట్రాక్టుకిచ్చి రాయించుకోవడం ఆ దేశంలో పాత అలవాటే. అందులో డబ్బు ఎట్లా పోతోందో చూద్దామని, ప్రభుత్వ జమాఖర్చులు తనిఖీ చేసే జనరల్ అకౌంటింగ్ ఆఫీసు తొమ్మిది కాంట్రాక్టులు తిరగేసి, 1979 నవంబరులో నివేదిక ఇచ్చింది. మొత్తం సుమారు 68 లక్షల డాలర్లు. అందులో 32 లక్షల సరుకు చేతికొచ్చింది గాని సరిగా వాడిన పాపాన పోలేదు. 19.5 లక్షలకు అసలు సరుకే రాలేదు. 13 లక్షలది వాడబోయి, తిరగరాయడమో వదిలెయ్యడమో చేశారు. 1,98,000 డాలర్లది కాస్త మార్చుకుని వాడారు. ఇచ్చింది ఇచ్చినట్టు పనికొచ్చింది 1,19,000 డాలర్లది. అంటే వందకి రెండైనా లేదు!

ఈ 'వందకి రెండు' నేను కాలేజీలో ఏళ్ళ తరబడి చెప్పాను. క్లాసంతా ఘొల్లుమనేది. పరీక్షలో రాసినవాడికి మార్కులు కూడా వేశాను. ఒకనాడు వెనక బెంచీ కుర్రాడు లేచి, "మాస్టారూ, ఆ తొమ్మిదీ ఎట్లా ఎంచారండీ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఇంటికెళ్ళి చూసుకుంటే, వాటిలో చాలాభాగం చిక్కుల్లో పడ్డాయని తెలిసి ఎంచినవే! ఆసుపత్రి వార్డులో నిలబడి, ఊళ్ళో ఆరోగ్యవంతులు ఎందరని లెక్కపెట్టినట్టుంది నా పాఠం. తప్పు నివేదికది కాదు. అంకె ఒక్కటే చేతబట్టుకుని ఊరేగిన నాబోటివాళ్ళది.

అయితే రోగుల్ని చూస్తే ఆరోగ్యవంతుల లెక్క తేలదు గాని, రోగమెందుకొచ్చిందో తెలుస్తుంది. కావలసిందేమిటో తేల్చుకోకముందే కాంట్రాక్టు రాసేయడం, పని జరుగుతుండగా పట్టించుకోకపోవడం, సరుకొచ్చాక పరీక్షించి చూడకపోవడం - ఇవీ నివేదిక చెప్పిన కారణాలు. వీటికి కాలదోషం పట్టలేదు. అసలు చదవాల్సింది అక్కడే. నేనేమో అంకె దగ్గరే ఆగిపోయాను.

మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకున్నాను. మరి అంతకుముందు వేసిన మార్కులో? అవి మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను. సరుకు ఎప్పుడో చేరిపోయింది కదా!