డచ్చి ఓవెను: ఒక ఇనుప కుండ చరిత్ర

రాజుల కోటలకును యుద్ధములకును చరిత్ర యున్నట్లే వంటయింటి పాత్రకును చరిత్ర గలదు. బీదవాని యింటికి తక్కువ వెలకు ఇనుప కుండ నందింపవలెనని ఇంగ్లాండులో ఒక ఇత్తడి కార్ఖానా యజమాని చేసిన యత్నము, తుదకు ఆవిరి యంత్రములకును ఇనుప వంతెనకును దారి తీసినది. ఆ కుండ సంతతిలోనిదే డచ్చి ఓవెనని పేరొందిన పాత్ర.

డచ్చి ఓవెననగా దళసరి పోత ఇనుముతో చేసిన, బిగువైన మూతగల లోతైన పాత్ర. ఆరుబయట వంటకు వాడు రకమునకు అడుగున మూడు పొట్టి కాళ్లుండును. ఆ కాళ్ల సందున నిప్పులు పట్టును. మూత చదునుగా నుండి, దాని అంచున చిన్న గట్టు లేచియుండును. మూతపై నుంచిన నిప్పులు జారకుండుటకును, బూడిద వంటలో పడకుండుటకును ఆ గట్టే కాపు. ఎత్తుటకును వ్రేలాడదీయుటకును ఇనుప కమ్మి పిడి గలదు. ఓవెనను ఆంగ్ల పదమునకు రొట్టెలు కాల్చు మూసిన పొయ్యి యని యర్థము. క్రిందను పైనను సెగ తగులుటచే ఈ కుండయే అట్టి పొయ్యి పని చేయును. ఇక డచ్చి యను మాట మనలను హాలండు దేశమునకు కొనిపోవును.

డచ్చివారు తెలుగువారికి క్రొత్తవారు కారు. 17వ శతాబ్ది ఆరంభముననే వారు మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పి మన అద్దకపు బట్టలను కొనిపోయిరి. స్వదేశమున వారు ఇత్తడి పోతపనిలో నేర్పరులు. ఆ కాలమున ఇంగ్లాండులో మంచి వంటపాత్రలు ఇత్తడివి, కంచువి. వాని వెల మిక్కుటము. ఇనుప కుండలు లేకపోలేదు. కాని ఒక్కొక్క కుండకు ఒక్కొక్క మట్టి అచ్చు చేసి, ఆరబెట్టి, పోత ముగిసిన పిదప దానిని పగులగొట్టవలసి యుండెను. అందుచే పని ఆలస్యము, కుండ బరువు, వెల యెక్కువ.

1678లో జన్మించిన ఏబ్రహాం డార్బీ బ్రిస్టలు నగరమున ఇత్తడి కార్ఖానా నడుపుచుండెను. 1704లో అతడు హాలండుకు పోయి అచటి పోతపనిని చూచి వచ్చెను. ఇత్తడివలెనే ఇనుమును గూడ ఇసుక అచ్చులలో పోయవచ్చునా యని అతని యాలోచన. మొదటి ప్రయత్నములు విఫలమయ్యెను. కార్ఖానాలో జాన్ థామస్ అను వేల్సు దేశపు కుర్రవాడు పని నేర్చుకొనుచుండెను. పనివారు చేయు పొరపాటు తనకు గోచరించినదని అతడు యజమానితో చెప్పగా, ఆ రాత్రి ఇరువురే నిలిచి ఇనుప కుండను పోసిరని థామసు వంశమువారు చెప్పుకొన్న కథ.

ఆ పద్ధతి యిది. కుండ ఆకారముగల మాదిరిని భాగములుగా చేసి, చట్రములో నుంచి, చుట్టును తడి యిసుకను గట్టిగా కూరుదురు. మాదిరిని తీసివేయగా కుండ రూపమున ఖాళీ మిగులును. కుండ లోపలి బోలు ఏర్పడుటకు నడుమ మరియొక ఇసుక ముద్దను నిలుపుదురు. ఆ రెంటి సందులో కరగిన ఇనుమును పోయుదురు. అచ్చు చెదరినను మాదిరి నిలుచును, ఇసుక మరల పనికివచ్చును. కావున ఒకే మాదిరితో లెక్కకు మించిన కుండలు పోయవచ్చును.

1707లో డార్బీ ఈ పద్ధతిపై 14 సంవత్సరముల ప్రత్యేక హక్కు పొందెను. కుండలు చౌకయగుటచే దేశములోని బీదలకు మేలు కలుగునని ఆ హక్కు పత్రముననే పేర్కొనబడినది. అయినను విద్యను మాత్రము దాచిరి. దానిని ఇతరులకు తెలుపనని థామసు ఒడంబడిక వ్రాసియిచ్చెను. తలుపులు బిగించి, తాళపు చెవి రంధ్రమును సైతము మూసి పనిచేసెడివారనియు, రెట్టింపు జీతమిత్తుమని ఇతరులు పిలిచినను థామసు కదలలేదనియు చెప్పుదురు.

కుండలకు ఇనుము కావలెను. ఇనుప రాతిని కరగించుటకు కట్టె బొగ్గు కావలెను. అది ప్రియము. 1708లో డార్బీ కోల్‌బ్రూక్‌డేలు అను లోయలో ఒక పాత కొలిమిని కౌలుకు తీసికొనెను. రాక్షసి బొగ్గులోని గంధకము ఇనుమును చెరచును. కనుక ఆ బొగ్గును ముందుగా కాల్చి కోకుగా మార్చి, 1709లో ఆ కోకుతో ఇనుప రాతిని కరగించెను. అట్లు వచ్చిన ఇనుము పలుచగా పారును గనుక పలుచని కుండల పోతకు మిక్కిలి అనుకూలించెను. 1717లో డార్బీ మరణించెను. తరువాత ఆ కార్ఖానాయే ఆవిరి యంత్రములకు ఇనుప సిలిండర్లను పోసెను. 1779లో అతని మనుమడు సెవెర్న్ నదిపై ఇనుప వంతెన నిలిపెను.

ఇనుప కుండ సముద్రము దాటి అమెరికాలోని వలస రాజ్యములకు చేరెను. కాళ్లును గట్టు మూతయును గల రూపము అచట వ్యాప్తి చెందెను. డచ్చివారి పోతపని నుండియే ఈ పేరు వచ్చినదని కొందరును, కుండలను ఊరూర అమ్మిన డచ్చి వర్తకుల వలన వచ్చినదని కొందరును చెప్పుదురు. ఇనుప పాత్ర ఆ దినములలో ఆస్తిగా నెంచబడెను. జార్జి వాషింగ్టను తల్లి మేరీ వాషింగ్టను 1788లో వ్రాసిన వీలునామాలో వంటయింటి ఇనుప సామాను ప్రస్తావన గలదు. 19వ శతాబ్దిలో బండ్లపై పడమటికి వలసపోయినవారు ఈ యొక్క పాత్రతోనే కూర వండుకొని రొట్టె కాల్చుకొనిరి. 1997లో యూటా రాష్ట్రము దీనిని తన అధికార వంటపాత్రగా ప్రకటించెను.

దీనిని వాడు విధము కష్టము కాదు. క్రొత్త పాత్రను కడిగి, తుడిచి, లోపల వెలుపల నూనెను పలుచగా పూసి బాగుగా కాచవలెను. పెక్కుసార్లిట్లు చేసిన నల్లని పొర యేర్పడి త్రుప్పును ఆపును, వంట అంటుకొననీయదు. పులుసు ఉడికించినప్పుడుగాని, మార్కెటు కూరలు వండినప్పుడుగాని క్రింద నిప్పులు ఎక్కువ యుండవలెను. రొట్టె కాల్చునప్పుడు మూతపైననే ఎక్కువ యుండవలెను. సమానమైన బొగ్గు బిళ్లలు వాడువారికి ఒక సులువైన లెక్క గలదు. పాత్ర వెడల్పు 12 అంగుళములైనచో, దానికి 3 కలిపి మూతపై 15 బిళ్లలును, 3 తీసివేసి క్రింద 9 బిళ్లలును ఉంచవలెను. క్రింది నిప్పులను నడుమ కుప్పగా పోయక వలయముగా పేర్చవలెను. పావుగంటకొకమారు పాత్రను ఒక వైపునకును మూతను వేరొక వైపునకును కొంచెము త్రిప్పినచో సెగ సమముగా తగులును.

వేడి పాత్రపై చన్నీళ్లు పోసినచో పగులును. చింతపండు పులుసును అందులో చిరకాలము నిలువ యుంచరాదు. పులుపు ఆ నల్లని పొరను తినివేయును. కడిగిన వెంటనే తడి లేకుండ తుడిచి, నూనె చేయి రాచి, మూత కొంచెము తెరచి దాచవలెను.

ఈ కిటుకు మనకును అపరిచితము కాదు. దళసరి గిన్నెలో మినపపిండి పోసి, మూతపై నిప్పులుంచి దిబ్బరొట్టె కాల్చిన కోస్తా గృహిణులును, బిర్యానీకి దమ్ము పెట్టిన హైదరాబాదు వంటవారును క్రింది సెగకు పై సెగను జోడించిన వారే. వేర్వేరు దేశముల వంటయిండ్లు ఒకే యుపాయమును కనుగొన్నవి. తాళపు చెవి రంధ్రము మూసి కాపాడిన ఇసుక పోతవిద్య కూడ గడువు తీరి లోకమున వ్యాపించెను. నేడు చదువ నేర్చిన వారెవ్వరైనను దానిని పుస్తకము విప్పి తెలిసికొనగలరు. కుండ బీదవానికి అందుట ఒక మేలు. కుండను పోయు విద్యయు అతనికి అందుట అంతకు మించిన మేలు.