వరుస కలిపిన చట్టం

అమెరికాలోని తెలుగు కుటుంబాల చరిత్ర రాసేవారు మైకేల్ ఫీగన్ పేరు తలవక తప్పదు. ఒహాయో నుంచి గెలిచిన ఈయన 1965 నాటికి ప్రతినిధుల సభలో వలస వ్యవహారాల ఉపసంఘానికి అధ్యక్షుడు. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పంచే పాత పద్ధతిని రద్దు చేస్తూ లిండన్ జాన్సన్ ప్రభుత్వం తెచ్చిన బిల్లులో తొలి ప్రాధాన్యం నైపుణ్యానిది. ఫీగన్ దాన్ని తిరగేయించాడు. ముందు బంధుత్వం, ఆ తరవాతే చదువు అని పట్టుబట్టి సాధించాడు. అప్పటి అమెరికన్ పౌరుల్లో అత్యధికులు ఐరోపా సంతతివారు. వాళ్ళ చుట్టాలూ అక్కడివాళ్ళే కాబట్టి, కోటాలు పోయినా వచ్చేవాళ్ళు మారరన్నది ఆ పట్టుదల వెనకున్న లెక్క.

కాగితం మీద ఆ లెక్క సరైనదే. 1917 చట్టం భారతీయుల వలసకు తలుపులు మూసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు వారికి పౌరసత్వపు అర్హతే లేదంది. 1946 నాటి లూస్–సెల్లర్ చట్టం ఆ అర్హత ఇచ్చింది గాని, కోటాను ఏడాదికి 100 దగ్గరే ఆపింది. పిలిచే చుట్టమే అక్కడ లేనప్పుడు పిలుపు ఎవరికి వస్తుంది?

దారి మరోవైపు నుంచి తెరుచుకుంది. 1965లో వచ్చిన కొత్త చట్టం కోటాలో 74 శాతం బంధువులకు ఇచ్చి, వృత్తి నిపుణులకు 10 శాతం మిగిల్చింది. అదే ఏడాది వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా వచ్చింది. డాక్టర్ల అవసరం పెరిగింది. గుంటూరు, విశాఖ, ఉస్మానియా వైద్య కళాశాలల్లో చదివినవారు ఆ సన్నని సందులోంచి వెళ్ళారు. గ్రీన్‌కార్డు చేతికొచ్చిన అయిదేళ్ళకు పౌరసత్వానికి అర్హత. పౌరులయ్యాక భార్యనో భర్తనో, తల్లిదండ్రులనో రప్పించుకోవడానికి సంఖ్యాపరిమితి లేదు. తోబుట్టువులకు 24 శాతం వాటా ఉంది. 1976లో కాంగ్రెస్ విదేశీ వైద్యుల రాకను కట్టడి చేసేసరికే పిటిషన్లు వేయగలిగినవారు అక్కడ తయారయ్యారు. తమ్ముడు ఏం చదివాడని ఈ కేటగిరీ అడగలేదు. పొలం చూసుకునే అన్నకైనా, అక్క వెంట వెళ్ళే బడిపంతులు బావకైనా చుట్టరికమే అర్హత. నా దృష్టిలో ఆ చట్టంలోని మానవీయత అంతా ఇక్కడే ఉంది.

అయితే ఆ చుట్టరికాన్ని కాగితంతో రుజువు చేయాలి. 1950లలో పల్లెటూరి ఇంట్లో మంత్రసాని చేతుల్లో పుట్టినవారికి జనన ధ్రువపత్రం ఎక్కడిది? రికార్డు లభ్యం కాదన్న స్థానిక అధికారి పత్రం, ఎస్సెల్సీ పుస్తకం, పుట్టుక ఎరిగిన పెద్దల అఫిడవిట్లు జతచేయాలి. బళ్ళో వేసేటప్పుడు పంతులుగారు ఉజ్జాయింపుగా రాసిన తేదీలు అన్నదమ్ముల మధ్య ఆరు నెలల తేడా చూపిస్తే దానికో సంజాయిషీ. పెళ్ళయి ఇంటిపేరు మారిన చెల్లెలు తాను ఫలానావారి కూతురినని నిరూపించుకోవాలి. ఒకే ఇంట్లో పెరిగినా పెదనాన్న కొడుకు ఈ చట్టానికి అన్న కాడు.

1990 చట్టం తోబుట్టువులకు ఏటా 65,000 వీసాలని నిర్ణయించింది. కుటుంబ, ఉద్యోగ వీసాల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదంది. భారతీయ తోబుట్టువుల్లో 2024 చివర్లో వంతు వచ్చింది 2006 ఆరంభంలో పిటిషన్ పడినవారికి. అన్నేళ్ళలో పిల్లలు ఎదిగిపోతారు. 21 నిండితే తల్లిదండ్రుల వెంట వెళ్ళే హక్కు పోతుంది. పిటిషన్ ఆమోదానికి పట్టిన కాలాన్ని వయసులోంచి తీసేసి 2002 చట్టం కొంత ఊరట ఇచ్చింది గాని, ఆమోదం తరవాత వీసా కోసం ఎదురుచూసిన ఏళ్ళను తీసేయలేదు.

ఎల్ సాల్వడోర్‌కు చెందిన రోసలీనా కుయెల్లార్ దె ఒసోరియో కోసం ఆమె తల్లి 1998లో పిటిషన్ వేసినప్పుడు రోసలీనా కొడుకు వయసు 13. 2005 నవంబరులో వంతు వచ్చేసరికి అతనికి 21 నిండి నాలుగు నెలలు. తల్లి కోసం వేసిన పిటిషన్ పాత తేదీ అతనికి వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. తోబుట్టువుల కేటగిరీలో వెళ్ళే తెలుగు ఇళ్ళదీ ఇదే చిక్కు. దంపతులకు వీసా వస్తుంది, ఎదిగిన కూతురు ఇక్కడే ఉండిపోతుంది. ఇళ్ళను కలపడానికే పెట్టిన కేటగిరీ ఇలా విడదీయడం అన్యాయం.

తోబుట్టువుల కేటగిరీని ఎత్తేయమని, వలస విధానాన్ని సమీక్షించిన బార్బరా జోర్డాన్ కమిషన్ 1995లో సిఫారసు చేసింది. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. 2013లో సెనేట్ అలాంటి బిల్లును ఆమోదించినా ప్రతినిధుల సభ చేపట్టలేదు. ఆసియా సంతతి సంఘాలు ఆ కేటగిరీని కాపాడేందుకు గట్టిగానే పోరాడాయి. కేటగిరీ ఇంకా ఉంది. 65,000 సంఖ్య మాత్రం 1990 చట్టం పెట్టినచోటనే ఉంది.