5 పౌన్లకు మురిగిన పేటెంటు

1935 జనవరిలో బ్రిటన్‌లో ఒక పేటెంటు మురిగిపోయింది. పొడిగించుకోవడానికి కట్టాల్సింది 5 పౌన్లు. వైమానిక దళ అధికారి ఫ్రాంక్ విటిల్‌కు అంత స్థోమత లేదు, వైమానిక శాఖేమో మేం కట్టం పొమ్మంది. 1930లో, 22 ఏళ్ల వయసులో అతను దరఖాస్తు చేసిన ఆ పేటెంటు జెట్ ఇంజనుది.

అప్పటి విమానాలను ప్రొపెల్లర్ లాగేది. వేగంగా పోవాలంటే గాలి పలచగా ఉండే ఎత్తుకు వెళ్లాలి, అక్కడ అడ్డు తక్కువ. కానీ అక్కడే పిస్టన్ ఇంజనుకు ఊపిరాడదు, ప్రొపెల్లర్‌కు పట్టు చిక్కదు. విటిల్ రెండింటినీ పక్కన పెట్టేశాడు. ముందు నుంచి పీల్చిన గాలిని కంప్రెసర్ నొక్కుతుంది, అందులో ఇంధనం మండుతుంది, ఆ వేడి వాయువు వెనక నుంచి దూసుకుపోతుంది. పోతూ పోతూ అది తిప్పే టర్బైనే ముందున్న కంప్రెసర్‌నూ తిప్పుతుంది. మిగిలిన జోరు విమానాన్ని నెడుతుంది. అంత వేడికి ఆగే లోహం లేదన్నారు అధికారులు. అప్పటికది నిజమే. అంతమాత్రాన 5 పౌన్లకు వెనకాడాలా?

1937 ఏప్రిల్ 12న ఇంగ్లండ్‌లోని రగ్బీ పట్టణంలో విటిల్ తొలి ఇంజను నడిచింది. నడవడమేమిటి, చెలరేగింది! ఇంధనం కట్టేసినా వేగం పెరుగుతూనే ఉంటే చుట్టూ ఉన్నవాళ్లు పరుగు లంకించుకున్నారు. లోపల కారి నిలిచిన ఇంధనమే అందుకు కారణమని తర్వాత తేలింది.

ఈలోగా జర్మనీలో హాన్స్ ఫాన్ ఒహైన్ అనే భౌతిక శాస్త్రవేత్తా ఇదే దారి పట్టాడు. అతనికి విమానాల తయారీదారు హైంకెల్ అండ దొరికింది. 1939 ఆగస్టు 27న వాళ్ల జెట్ విమానం ఎగిరింది. విటిల్ ఇంజను గాల్లోకి లేచింది 1941 మే 15న, 17 నిమిషాల పాటు.

అయితే ఇంజను పని ముందుకు నెట్టడమే. పైకి ఎత్తేది రెక్క. రెక్క పైన పోయే గాలి, కింది గాలిని కలుసుకోవడానికే పరుగెత్తుతుందని చాలామంది బడిలో చదివారు. గాలికి అలాంటి ఒప్పందమేమీ లేదు. నిజానికి పైగాలే ముందు చేరుతుంది. వంపు తిరిగి, కాస్త ఏటవాలుగా ఉన్న రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది. అప్పుడు పైన ఒత్తిడి తగ్గి, రెక్క పైకి లేస్తుంది. రైట్ సోదరుల విమానమూ ఇలాగే ఎగిరింది. జెట్ వేగానికి మాత్రం తిన్నని రెక్కలు సరిపోలేదు. రెక్కలను వెనక్కి వాల్చాలని జర్మన్ శాస్త్రవేత్త బూజెమాన్ 1935లోనే రోమ్‌లో చెప్పాడు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ జెట్ ప్రయాణ విమానాలన్నిటికీ దాదాపు అవే రెక్కలు.

అమెరికా ఇంజనీరింగ్ అకాడమీ 1991 డ్రేపర్ బహుమతిని విటిల్, ఒహైన్‌లకు కలిపి ఇచ్చింది.