ఖతార్‌కు చదువుకోవడానికా!

తెలుగువారి విదేశీ చదువుల చరిత్రలో యల్లాప్రగడ సుబ్బారావుగారిది పెద్ద అధ్యాయం. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల తొలినాళ్లలో ఆయన బోస్టన్ చేరారు. మామగారు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయమే ఆధారం. హార్వర్డ్‌లో ప్రవేశం దొరికింది గాని ఉపకార వేతనం దొరకలేదు. ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ చదివి, 1930లో పిహెచ్.డి. పట్టా అందుకున్నారు.

తర్వాతి తరాలకు అసిస్టెంట్‌షిప్ అనే దారి దొరికింది. పాఠాలు చెప్పినందుకో, ప్రయోగశాలలో పని చేసినందుకో విశ్వవిద్యాలయమే ఫీజు భరించి నెల ఖర్చులకు డబ్బివ్వడం ఆ పద్ధతి. అది లేకపోతే మన మధ్యతరగతి ఇళ్లలో ఇందరు డాక్టరేట్లు ఉండేవారు కాదు. ఆ పద్ధతి ఇప్పుడు గల్ఫ్‌లోనూ వేళ్లూనుకుంది.

గల్ఫ్ అంటే మనకు గుర్తొచ్చేది కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన కూలీలు, మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటిపనికి వెళ్లిన ఆడపడుచులు. వారు పంపిన డబ్బుతో ఊళ్లలో అప్పులు తీరాయి, పిల్లలు పెద్ద చదువులు చదివారు. అయితే ఆ చదువు గల్ఫ్‌లోనే దొరుకుతుందని ఎవరూ అనుకోలేదు.

నిజానికి ఖతార్ చదువుల చరిత్ర చిన్నదే. 1971లో స్వతంత్రమైన ఆ దేశంలో 1973లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల మొదలైంది. తొలి ఏడు చేరినవారు 57 మంది అబ్బాయిలు, 93 మంది అమ్మాయిలు. అదే 1977లో ఖతార్ విశ్వవిద్యాలయమైంది. 1995లో ఖతార్ ఫౌండేషన్ ఏర్పడింది. సహజవాయువు ఆదాయం పెరిగేకొద్దీ దోహాలోని ఎడ్యుకేషన్ సిటీకి అమెరికా విశ్వవిద్యాలయాలు వచ్చాయి: 2001లో కార్నెల్ వైద్య కళాశాల, 2003లో టెక్సాస్ ఎ అండ్ ఎం, 2004లో కార్నెగీ మెలన్. 2006లో జాతీయ పరిశోధన నిధి, 2010లో హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయం వెలిశాయి. అక్కడ ఎంపికైన డాక్టరేట్ విద్యార్థులకు, విదేశీయులకు సైతం, ఉపకార వేతనాలున్నాయి. ఖతార్ విశ్వవిద్యాలయంలోనూ అసిస్టెంట్‌షిప్‌లు ఉన్నాయి.

దరఖాస్తుకు కావలసినవి మనం ఎరిగినవే: మార్కుల పత్రాలు, ఇంగ్లీషు పరీక్ష, ఆచార్యుల సిఫారసు ఉత్తరాలు, పరిశోధనాశయాన్ని వివరించే వ్యాసం. అన్నిటికన్నా ముందు తగిన ఆచార్యుణ్ణి వెతుక్కోవాలి. ఆయన పరిశోధనా పత్రాలు రెండు మూడైనా చదివి, తాను ఏ సమస్యపై పని చేయదలచాడో విద్యార్థి స్పష్టంగా రాయాలి. పదిమందికి ఒకే ఉత్తరం పంపితే జవాబు రావడం కష్టం.

ఇంకో జాగ్రత్త. టెక్సాస్ ఎ అండ్ ఎం పాలకమండలి 2024 ఫిబ్రవరిలో తన దోహా శాఖను 2028 నాటికి మూసివేయాలని నిర్ణయించింది. సర్కారు సొమ్ముతో, ఒప్పందాలతో నడిచే చదువులకు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కనుక వేతనం ఎన్నేళ్లు, ప్రాజెక్టు మధ్యలో ఆగితే ఎవరు భరిస్తారు, వసతి, ఆరోగ్య బీమా, నివాస అనుమతి మాటేమిటి అన్నవి ఒప్పుకోక ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

గల్ఫ్‌లో పుట్టి పెరిగిన మన పిల్లలు పన్నెండో తరగతి కాగానే పెట్టె సర్దుకోవడం రివాజు. పై చదువులకు వారికీ, మన ఊళ్లలోని విద్యార్థులకూ దోహా కూడా ఒక గమ్యమని చెప్పేవారు కావాలి. ఈ సభలకు వచ్చిన ఆచార్యులు, శాస్త్రజ్ఞులు ఏడాదికి ఒక్క విద్యార్థి వ్యాసాన్ని చదివి దిద్దిపెట్టినా చాలు. ఆనాడు ధర్మసంస్థలు చేసిన మేలుకు అది ఈనాటి కొనసాగింపు అవుతుంది.