పేడతో పనిలేని గోబర్ గ్యాస్

మన తరం హైస్కూల్లో ఉన్న రోజుల్లోనే గోబర్ గ్యాస్ పల్లెల్లో జోరందుకుంది. కేంద్ర ప్రభుత్వం 1981-82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకాన్ని మొదలుపెట్టింది. మంచి పథకమే. కానీ ఒక కుటుంబానికి వంటగ్యాస్ రావాలంటే రోజుకు దాదాపు 40 కిలోల పేడ కావాలి. అంటే కొట్టంలో నాలుగైదు పశువులుండాలి. గొడ్డూ గోదా లేని పేదింటి ఆడవాళ్లకు కట్టెల పొగ తప్పలేదు.

ఈ చిక్కుముడిని విప్పిన సంస్థ గురించి మన స్వర్ణోత్సవ సంచికలో రాయాలనిపించింది. దాని పేరు అప్రోప్రియేట్ రూరల్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్, క్లుప్తంగా ఆర్టి. కొందరు శాస్త్రజ్ఞులు, సాంకేతిక నిపుణులు కలిసి 1996లో పుణెలో దీన్ని స్థాపించారు. లాభాపేక్ష లేని సంస్థ. ముందుండి నడిపినవారు వృక్షశాస్త్రవేత్త డాక్టర్ ఆనంద్ కర్వే. స్త్రీవిద్య కోసం జీవితాన్ని ధారపోసిన మహర్షి ధోండో కేశవ్ కర్వేకు ఆయన మనవడు.

వారి తొలి విజయం చెరకు తోటలో మొదలైంది. చెరకు కొట్టాక మిగిలే ఎండుటాకును పశువులు తినవు, అది త్వరగా కుళ్లదు. రైతు నిప్పుపెడతాడు. మన వైపూ అంతే. ఆర్టి వారు ఆ ఆకును మూతవేసిన పీపాల్లో కుక్కి, బట్టీలో కాల్చి బొగ్గు చేశారు. ఆకులోంచి వచ్చే వాయువే మండి బట్టీకి వేడినిస్తుంది. బొగ్గుపొడిని గంజితో కలిపి అచ్చు పోస్తే పొగరాని వంటచెరకు సిద్ధం. దీనికి 2002లో లండన్‌లో ఆష్‌డెన్ అవార్డు వచ్చింది.

తరువాత కర్వే గోబర్ గ్యాస్ వైపు తిరిగారు. పేడ అంటే పశువు సారం తీసుకోగా మిగిలిన పిప్పి. గ్యాస్ చేసే సూక్ష్మజీవులకు పిప్పి ఎందుకు, తిండే పెడితే పోలేదా అని ఆలోచించారు. పాడైన పిండి, మిగిలిన అన్నం, తినడానికి పనికిరాని గింజలు, తెలకపిండి వేసి చూశారు. వారి లెక్కలో అలాంటి మేత 2 కిలోలు, 40 కిలోల పేడతో సమానం. పేడకు 40 రోజులు పట్టే పని ఒక్క రోజులో ముగుస్తుంది. రెండు ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులను ఒకదానిపై ఒకటి బోర్లిస్తే ప్లాంటు తయారు. 2006లో దీనికీ ఆష్‌డెన్ అవార్డు దక్కింది.

ఒక్క మాటలో చెప్పాలంటే, గేదెకు పోసే కుడితిని నేరుగా ట్యాంకుకు పోయడమే. అయితే మొదట్లో సూక్ష్మజీవుల కోసం పేడనీళ్లు పోయాలి. మేత మితం తప్పితే ట్యాంకు పులిసి గ్యాస్ ఆగిపోతుంది. రోజూ చూసుకునే మనిషి ఉండాలి.

ఇప్పుడు మన బడి సంగతి. మధ్యాహ్న భోజనం వండేచోట గంజి, బియ్యం కడుగు, మిగిలిన అన్నం ఉంటాయి. పూర్వ విద్యార్థుల సంఘం ఒక ప్లాంటు పెట్టిస్తే వంటకయ్యే గ్యాస్ కొంత ఆదా అవుతుంది. డిజైను, బిగింపు నేను చూసుకుంటాను. రోజూ ఏం వేశారో, ఎంతసేపు మంట వచ్చిందో రాసే నోటుపుస్తకం తొమ్మిదో తరగతి పిల్లల చేతికిద్దాం. సైన్సు మాస్టారు ఒప్పుకుంటే వచ్చే జూన్‌లోనే మొదలుపెడదాం.